గేరుబాక్సు దించే ముందు క్లచ్ ఫోర్కు ఎంత కదులుతుందో కొలవండి

రెండేళ్ల కిందట అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనోలో ఎర్ర దీపం దగ్గర ఆగి ఉండగా, నా 1996 నాటి మజ్దా మియాటా కారు క్లచ్ పెడలు కాలి కింద మెత్తబడి, నేల దాకా వెళ్లిపోయి, తిరిగి పైకి రాలేదు. ఫస్ట్ గేరులో ఉన్న కారు ఒక్క కుదుపుతో ముందుకు దూకి ఆగిపోయింది. ముందున్న కారుకూ నా బంపరుకూ మధ్య మూరెడు చోటు మాత్రం మిగిలింది. బొటనవేలు పెడలు కిందికి దూర్చి లాగితే పెడలు పైకి వచ్చింది గాని, మళ్లీ తొక్కితే మళ్లీ అడుగుకే పోయింది.

ఇంజను ఆగి ఉన్నప్పుడు గేరు సులువుగానే పడుతోంది. అమెరికాలో అమ్మిన ఈ కార్లలో క్లచ్ తొక్కితేనే స్టార్టరు తిరుగుతుంది, కానీ ఆ సంగతి కనిపెట్టే స్విచ్చు పెడలు దగ్గర ఉంటుంది. క్లచ్ నిజంగా విడిందో లేదో దానికి తెలియదు. అందుచేత ఫస్ట్ గేరు వేసి, ముందు దారి పూర్తిగా ఖాళీ అయ్యాక తాళం తిప్పితే, స్టార్టరు మోటారే కారును కదిలించి ఇంజనును అందుకునేలా చేసింది. అక్కడి నుంచి ఇంటిదాకా నాలుగు మైళ్లు, ఇంజను వేగాన్ని చక్రాల వేగానికి సరిపెట్టుకుంటూ, క్లచ్ లేకుండానే గేర్లు మార్చుకుంటూ, ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఇంజను ఆపుకుంటూ వచ్చాను. రద్దీ రోడ్డు మీద ఈ పని చేయమని ఎవరికీ సలహా ఇవ్వను.

మరునాడు కారును టో ట్రక్కు మీద ఒక గ్యారేజీకి పంపాను. అక్కడి మెకానిక్కు సీటులో కూర్చుని పెడలును రెండుసార్లు తొక్కి, క్లచ్ పోయిందనీ, గేరుబాక్సు దించి, ఇంజను బలాన్ని గేరుబాక్సుకు అందించే ప్లేటు, దాన్ని అదిమి పట్టే ప్రెజర్ ప్లేటు, ఆ పట్టును విడిపించే బేరింగు అన్నీ మార్చాలనీ, 1,400 డాలర్లవుతుందనీ చెప్పాడు. బానెట్ తెరవలేదు, కారును పైకి ఎత్తలేదు, కిందికి వంగి కూడా చూడలేదు. ఆయన నన్ను మోసం చేయాలనుకున్నాడని నేను అనుకోను. పెడలు పనిచేయకపోతే క్లచ్ మార్చడం చాలా గ్యారేజీల్లో అలవాటైపోయిన పని. నా అభ్యంతరమల్లా ఆ అలవాటు మీదే. ఇరవై నిమిషాల పరీక్షతో తేలే విషయానికి రోజంతా పట్టే పని పెట్టడం, అదీ అసలు లోపాన్ని ముట్టుకోకుండానే పెట్టడం, నాకు చాలా తప్పుగా తోస్తుంది.

‘క్లచ్ పోయింది’ అనేది మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాట. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి మారుతి 800 పక్కన నిలబడి ఆ మాట నేనెన్నోసార్లు విన్నాను. అయితే ఆ బండిలో పెడలు నుంచి క్లచ్ దాకా ఉండేది ఉక్కు కేబులు. అక్కడి మెకానిక్కు ప్లేట్ల సంగతి ఎత్తే ముందు కేబులు చివరి నట్టును వేళ్లతో పట్టుకుని, మా నాన్నగారితో ‘సారూ, ఒకసారి తొక్కండి’ అనేవాడు. కేబులు పోగులు తెగాయా, సాగిందా, ఎంత కదులుతోంది అనేది చూశాకే తర్వాతి మాట. నా మియాటాలో ఉన్నలాంటి హైడ్రాలిక్ క్లచ్‌లో ఆ కేబులు స్థానంలో గొట్టంలో బందీ అయిన ద్రవం ఉంటుంది. అది కంటికి కనిపించదు కాబట్టి కాబోలు, నేటి మెకానిక్కులు చాలామంది ఆ మధ్య భాగాన్ని లెక్కలోకే తీసుకోకుండా నేరుగా ప్లేట్ల దగ్గరికి వెళ్లిపోతున్నారు.

ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు రోగాలు ఉన్నాయి. మొదటిది జారడం: యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం వేగం అందుకోదు, ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. ప్లేటు అరిగితే వచ్చేది ఇదే. రెండోది విడకపోవడం: పెడలు పూర్తిగా తొక్కినా ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య బంధం తెగదు, ఫస్ట్ గేరు పడదు, రివర్సు వేయబోతే పళ్లు గరగరలాడతాయి, ఇంజను ఆపితే మాత్రం అన్ని గేర్లూ పడతాయి. అరిగిన ప్లేటు సాధారణంగా జారుతుంది. విడకపోవడానికి కారణం చాలాసార్లు క్లచ్‌ను విడదీసే యంత్రాంగంలో ఉంటుంది. నా కారు ఆ శుక్రవారం దాకా ఒక్కసారి కూడా జారలేదు. రోగి చెప్పిన ఈ ఒక్క లక్షణాన్ని విని ఉంటే చాలు, గేరుబాక్సు ఊసు వచ్చేది కాదు.

ఇక ఆ యంత్రాంగం విషయానికి వస్తే, పెడలుకు కట్టిన కడ్డీ ఇంజను గదిలోని మాస్టర్ సిలిండరు పిస్టనును నెడుతుంది. అక్కడి ద్రవం గొట్టం గుండా గేరుబాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండరుకు చేరి, దాని పిస్టనును బయటికి తోస్తుంది. ఆ పిస్టను ముందున్న కడ్డీ క్లచ్ ఫోర్కును నెడుతుంది. ఫోర్కు రెండో కొన రిలీజ్ బేరింగును ప్రెజర్ ప్లేటు మీదికి అదుముతుంది, దాంతో ప్లేటు మీది పట్టు వదిలి క్లచ్ విడుతుంది. మియాటాలో మాస్టర్ లోపలి వ్యాసం అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే దాదాపు 15.9 మి.మీ.; స్లేవ్ వ్యాసం ముప్పావు అంగుళం, అంటే దాదాపు 19 మి.మీ. వైశాల్యాల లెక్కన స్లేవ్ 1.44 రెట్లు పెద్దది కాబట్టి, కాలి బలం అక్కడ అన్ని రెట్లు పెరుగుతుంది, కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. ఫోర్కు 13 మి.మీ. కదలాలంటే మాస్టర్ పిస్టను దాదాపు 19 మి.మీ. జరగాలి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఎంత కొద్ది ద్రవం మీద ఇదంతా నడుస్తోందన్నది. ఒక్క మిల్లీలీటరు ద్రవం కారిపోయినా, లేదా ఆ చోటులో గాలి చేరి నలిగిపోయినా, ఫోర్కు కదలికలో మూడున్నర మి.మీ. మాయమవుతుంది. రెండు మిల్లీలీటర్లు పోతే సగానికి పైగా పోయినట్టే, అది మందు చెంచాలో సగం కూడా నిండదు.

ఈ కారును తెలుగు పాఠకులలో చాలామంది చూసి ఉండరు. మజ్దా అనగానే మనకు గుర్తుకొచ్చేవి స్వరాజ్ మజ్దా వ్యానులు. మియాటా 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో తొలిసారి కనిపించిన రెండు సీట్ల, తెరిచే టాపు ఉన్న చిన్న స్పోర్ట్స్ కారు. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన తోషిహికో హిరాయ్ బృందం, రౌతూ గుర్రమూ ఒక్కటైపోవడం అనే అర్థమిచ్చే ‘జింబా ఇత్తాయ్’ అనే జపనీస్ మాటను ఆదర్శంగా పెట్టుకుంది. 1996 నాటి ఇంజను శక్తి 133 అశ్వాలే. ఈ కారులో ఆనందమంతా ఎడమ కాలూ కుడి చేయీ కలిసి చేసే పనిలో ఉంది. అందుకే దీని క్లచ్ గురించి నాకింత పట్టింపు. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ మియాటా తయారైంది; వాటిలో పాతబడిన కార్లు ఉన్నవారిని ఎవరిని అడిగినా, ముందుగా పోయేది స్లేవ్ సిలిండరేనని చెబుతారు. ఆ మెకానిక్కు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉండవలసింది.

ఆదివారం ఉదయం, డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్ నుంచి మా బావమరిది వచ్చాడు. ముందు బానెట్ తెరిచి, బ్రేకు డబ్బాకు పక్కనే విడిగా ఉండే క్లచ్ ద్రవం డబ్బా మూత తీశాం. ద్రవం అడుగంటింది, మిగిలినది నల్లగా, ఉడికించిన కాఫీ డికాషనులా ఉంది. తరువాత డాష్‌బోర్డు కింద తలదూర్చి, పెడలు కడ్డీ గోడలోకి వెళ్లే చోట వేలితో తడిమి చూశాను. మాస్టర్ వెనుక సీలు (ద్రవం కారకుండా ఆపే రబ్బరు వలయం) కారితే ద్రవం అక్కడి నుంచి కార్పెట్టు మీదికి దిగుతుంది. అక్కడ పొడిగా ఉంది. కారును జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, కుడివైపు ముందు చక్రం విప్పితే, చక్రం గూటి లోపల స్లేవ్ సిలిండరు చేతికందే దూరంలో కనిపిస్తుంది. దాని కొసనున్న రబ్బరు తొడుగు అంచును స్క్రూడ్రైవరుతో కాస్త ఎత్తగానే, లోపల నిలిచి ఉన్న నల్లటి ద్రవం నా మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేను మాత్రం కొలవకుండా వదలకూడదనుకున్నాను. డబ్బాలో కొత్త ద్రవం పోసి, ఫోర్కు పక్కన ఉక్కు స్కేలు పట్టుకుని పడుకున్నాను.

‘బావా, ఇప్పుడు తొక్కనా?’

‘నెమ్మదిగా తొక్కి, అలాగే పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు.’

ఫోర్కు ఆరు మి.మీ. కదిలి ఆగింది. ఈ ఒక్క అంకె దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఫోర్కు కదలవలసినంత కదలకపోతే లోపం హైడ్రాలిక్కులో ఉన్నట్టు: మాస్టర్, స్లేవ్, వాటి మధ్య గొట్టం, లేదా గాలి, మరీ అరుదుగా పెడలు బ్రాకెట్టు వంగడం. ఫోర్కు పూర్తిగా కదిలి కూడా క్లచ్ విడకపోతే లోపం బెల్ హౌసింగు (క్లచ్‌ను కప్పి ఉండే గేరుబాక్సు ముందు భాగం) లోపల ఉన్నట్టు: ఫోర్కు పగలడం, ప్రెజర్ ప్లేటు వేళ్లు విరగడం, ప్లేటు తుప్పుపట్టి ఇంజను కొసనున్న బరువైన చక్రానికి (ఫ్లైవీలుకు) అతుక్కోవడం, లేదా ఇంజను ప్రధాన షాఫ్టు అయిన క్రాంకు కొనలోని పైలట్ బేరింగు బిగుసుకుపోయి గేరుబాక్సు షాఫ్టును తనతో పాటు తిప్పడం. గేరుబాక్సు దించవలసింది ఈ రెండో దారిలో మాత్రమే. స్కేలు ఖరీదు రెండు డాలర్లు.

స్లేవ్ మార్చడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గొట్టం విప్పి, రెండు బోల్టులు తీసి, కొత్తది బిగించి, ద్రవంలో చేరిన గాలి తీశాం. ఫోర్కు 13 మి.మీ. కదిలింది. గేర్లు వెన్నలో కత్తిలా పడ్డాయి. 45 డాలర్లతో పని పూర్తయిందని ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను.

ఆరు వారాల తరువాత, థాంక్స్‌గివింగ్ వారంలో, పెడలు మళ్లీ మెత్తబడింది. ఈసారి లక్షణం వేరు. తొక్కగానే క్లచ్ విడుతోంది. ఎర్ర దీపం దగ్గర పెడలు తొక్కి పట్టుకుని ఉంటే, పది పదిహేను సెకన్లలో కాలు మెల్లగా కిందికి దిగిపోతూ, కారు ముందుకు పాకడం మొదలుపెడుతోంది. డబ్బాలో ద్రవం ఒక్క గీత కూడా తగ్గలేదు. ఎక్కడా తడి లేదు. మళ్లీ స్కేలు పెట్టి చూస్తే, ఫోర్కు 13 మి.మీ. దాకా వెళ్లి, పెడలు తొక్కే ఉన్నా, ఇరవై సెకన్లలో ఏడుకు తగ్గింది. ద్రవం బయటికి పోవడం లేదు, ఒత్తిడి మాత్రం నిలవడం లేదు. అంటే మాస్టర్ సిలిండరులో పిస్టను మీది ప్రధాన సీలును దాటుకుని ద్రవం తిరిగి డబ్బా వైపే వెళ్తోంది. తడి కోసం మాత్రమే వెతికేవారికి ఈ లోపం ఎప్పటికీ దొరకదు. పెడలు పట్టుకుని ఉంచి, కాలంతో పాటు కొలిస్తేనే తెలుస్తుంది.

మాస్టర్‌ను విప్పి, పిస్టను బయటికి లాగి, టేబులు దీపం కింద పెట్టి చూశాను. పిస్టను రోజూ తిరిగే మేర సిలిండరు గోడ అద్దంలా మెరుస్తోంది. దానికి అవతల, లోపలి కొసన, అర సెంటీమీటరు వెడల్పున గోధుమరంగు మచ్చల పట్టీ ఉంది. అగ్గిపుల్లతో గీస్తే గరుకుగా తగిలింది. రబ్బరు సీలును చూపుడు వేలి మీద తొడిగి గుండ్రంగా తిప్పితే, ఒకచోట పెదవి మీద నిలువునా గీత, బ్లేడు మొనతో గీసినంత సన్నగా, కనిపించింది. స్టార్టు చేసేటప్పుడు తప్ప నేను పెడలును అడుగంటా తొక్కను. ఆ చివరి అర సెంటీమీటరుకు పిస్టను రోజుకు రెండు మూడు సార్లే వెళ్లేది. అక్టోబరు ఆదివారం నాడు మాత్రం గాలి తీసే పనిలో దాన్ని ఏబై సార్లు ఆ తుప్పు మీదికి నెట్టాం. పాతికేళ్లు దాటిన సీలు ఆ రాపిడికి తెగిందనే నేను నమ్ముతున్నాను. అంటే మొదటి మరమ్మతే రెండో లోపానికి దారి చేసింది.

అందుకే నా వాదనలో రెండో భాగం ఇది: పాత కారులో స్లేవ్ పోతే మాస్టర్‌నూ, మధ్యనున్న రబ్బరు గొట్టాన్నీ కలిపి మార్చాలి. గొట్టాన్ని ఎవరూ పట్టించుకోరు గాని, ముదిరిన రబ్బరు లోపల ఒత్తిడి పెరిగినప్పుడు ఉబ్బి, ఫోర్కుకు చేరవలసిన ద్రవాన్ని తానే మింగుతుంది. ఒకరు పెడలు తొక్కుతుండగా గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుంటే ఆ ఉబ్బు చేతికి తెలుస్తుంది. పోనిదాన్ని ఎందుకు మార్చాలనే అభ్యంతరం నాకు తెలుసు, గౌరవిస్తాను కూడా. పరీక్షించకుండా విడిభాగాలు మార్చడాన్ని ఇంతసేపు విమర్శించినవాణ్ని నేనే కదా. కానీ ఇక్కడ తేడా ఉంది. మూడు భాగాలూ ఒకే వయసువి, ఒకే ద్రవంలో నానినవి. ఒకదాని నుంచి వచ్చిన ద్రవం నల్లగా ఉందంటే సీళ్ల రబ్బరు అరిగి, మురికి తోడై అందులో కలిసిందని అర్థం, ఆ ద్రవం మిగతా రెండింటిలోనూ ఉంది. నల్లటి ద్రవమే అక్కడ సాక్ష్యం. కొత్తది కొనకుండా సీళ్ల కిట్టు వేసుకోవడం కూడా మంచి మార్గమే, సిలిండరు గోడ నున్నగా ఉంటే. గోటికి గరుకు తగిలితే మాత్రం కొత్త సీలుకు కూడా అదే గతి పడుతుంది.

ద్రవం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన మెకానిక్కులు దీన్ని బ్రేకాయిల్ అంటారు, కానీ ఇది నూనె కాదు. డాట్ 3, డాట్ 4 (అమెరికా రవాణా శాఖ ప్రమాణాల పేర్లు) ద్రవాలు గ్లైకాల్ జాతివి. వాటిలో నానే సీళ్లు ఆ జాతి ద్రవానికే తయారైన రబ్బరుతో చేసినవి. అందులో ఇంజను ఆయిలో పవర్ స్టీరింగు ఆయిలో కాస్త కలిసినా ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. దారి మధ్యలో దొరికిన ఏదో ఒక ఆయిలు పోసి ఇల్లు చేరుకోవడం అందువల్ల చాలా ఖరీదైన పొదుపు. గ్లైకాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. క్లచ్ బ్రేకుల్లా వేడెక్కదు కాబట్టి దాని ద్రవం మార్చనక్కర లేదని వాదించేవారిని నేను చూశాను. మరగడం విషయంలో వారి మాట నిజమే. అయితే క్లచ్‌లో నీరు చేసే చెడు మరగడం కాదు, తుప్పు. నా మాస్టర్ లోపలి గోధుమరంగు పట్టీ దాని పనే. పైగా మియాటాలో క్లచ్ డబ్బా వేరు కావడంతో, బ్రేకు ద్రవం మార్పించిన యజమానులు కూడా క్లచ్‌ది మారిందనే భ్రమలో ఉంటారు. రెండేళ్లకోసారి మార్చడానికి పట్టేది పావు లీటరు ద్రవం, అరగంట సమయం.

రెండోసారి గాలి తీసేటప్పుడు పద్ధతి మార్చుకున్నాను. మాస్టర్‌ను బిగించే ముందే బల్లకుండే బిగింపు పట్టులో (వైసులో) పెట్టి, ద్రవంతో నింపి, బుడగలు పోయేదాకా పిస్టనును కొద్దికొద్దిగా నెట్టాను. గాలి తీయడానికి స్లేవ్ మీదుండే చిన్న మర, అంటే నిపుల్‌కు, పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని కొసను ద్రవం ఉన్న సీసాలో ముంచి, నిపుల్ వదులు చేసి, ద్రవం తన బరువుతో తానే దిగేలా పావుగంట వదిలేశాం. ఆ తరువాతే పెడలు: తొక్కడం, నిపుల్ మూయడం, పెడలును చేత్తో పైకి లాగడం, మళ్లీ తెరవడం, అన్నీ నిదానంగా. దడదడ తొక్కితే పెద్ద బుడగ వెయ్యి చిన్న బుడగలై ద్రవంలో కలిసిపోతుంది. చివరగా నిపుల్ బిగించి, స్లేవ్ కడ్డీని బొటనవేళ్లతో లోపలికంటా నెమ్మదిగా నొక్కితే, గొట్టం వంపులో దాక్కున్న గాలి వెనక్కు నడిచి, పైన డబ్బాలో బుడగలుగా తేలింది. ‘బావా, వచ్చింది, ఇంకొకటి వచ్చింది’ అని పైనుంచి లెక్కపెడుతూనే ఉన్నాడు. ఏడు బుడగలు. ద్రవం కారు ఫెండరు మీద చిందితే పెయింటును తినేస్తుంది కాబట్టి, బకెట్టుతో నీళ్లు పక్కనే పెట్టుకున్నాం.

పెడలు దగ్గర కడ్డీ పొడవు సరిచూసుకోవడం మరిచిపోకూడదు. తొక్కడం మొదలుపెట్టాక కడ్డీ పిస్టనును తాకే ముందు చిన్న ఖాళీ ఉండాలి. పెడలు ఎత్తుగా, బిగువుగా ఉంటే బాగుంటుందని కడ్డీని పొడవు చేస్తే, పిస్టను పూర్తిగా వెనక్కి రాక, డబ్బాలోకి తెరుచుకునే సన్నని రంధ్రం మూసుకునే ఉండిపోతుంది. ఇంజను వేడికి వ్యాకోచించిన ద్రవానికి వెళ్లే దారి ఉండదు. అది స్లేవ్‌ను నెడుతూనే ఉంటుంది, క్లచ్ సగం విడి ఉండి జారడం మొదలుపెడుతుంది. అప్పుడు మాత్రం ప్లేటు నిజంగానే కాలిపోతుంది.

మాస్టర్, స్లేవ్, ఉక్కు అల్లిక ఉన్న గొట్టం, ద్రవం అన్నీ కలిపి 190 డాలర్లయ్యాయి. ఆ 1,400 డాలర్లు పెట్టి క్లచ్ కిట్టు వేయించి ఉంటే, సరికొత్త ప్లేటును అదే కారుతున్న స్లేవ్‌తో విడదీయడానికి ప్రయత్నిస్తూ ఉండేవాణ్ని. ఈ నెల మొదటి ఆదివారం, గడువు ప్రకారం ద్రవం మార్చే ముందు, మళ్లీ స్కేలు పెట్టి కొలిచాను. 13 మి.మీ. వెళ్లి, నిమిషం పాటు అక్కడే నిలిచింది. పాత ద్రవం సీసాలోకి తేనెరంగులో దిగింది. ఆ రోజే మా బావమరిది తన పాత హోండా బానెట్ తెరిచి క్లచ్ డబ్బా మూత తీశాడు. లోపల డికాషనులా నల్లగా ఉంది. వచ్చే శనివారం దాన్ని విప్పుతున్నాం.